చుక్క పడిన చోట మన ఇల్లు లేదు

కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నారని గ్రూపులో అందరూ చూసే ఉంటారు. ఒకటి, మన సభ్యుల చిరునామాల పుస్తకం ఇక అచ్చు వేయకుండా, ప్రతి ఇంటికీ ఫోన్‌లో లొకేషన్ పిన్ తీసి దాన్నే పెట్టుకోవడం. రెండోది, పోయినసారి కార్యకర్తలకు కొన్న కొత్త ఫోన్లలో లొకేషన్ సరిగ్గా రావడం లేదు కాబట్టి వాటికి రెట్టింపు ధర పెట్టి ఇంకా మంచి ఫోన్లు కొనడం. ఆ డబ్బు విద్యార్థుల సహాయ నిధిలోంచి సర్దుతామని అంటున్నారు. సోలాపూర్ పూర్వ భాగంలో, కుంభారీ ఘర్‌కుల్‌లో ఉండే మేం కొందరం ఈ రెండిటికీ ఒప్పుకోవడం లేదు. చెయ్యెత్తేటప్పుడు లేచి కాదనేసి కూర్చోవడం మర్యాద కాదు కనుక, ఎందుకు కాదంటున్నామో ముందే రాస్తున్నాం.

ఫోన్ల మీద ఈ అసంతృప్తి ఎక్కడ మొదలైందో కమిటీ పెద్దలకు తెలుసు. మిగతావాళ్ల కోసం చెప్తాం. వానాకాలంలో ఒక రాత్రి ఘర్‌కుల్‌లో ఒక అవ్వకు ఊపిరాడలేదు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. సంఘం దగ్గరున్న ఆక్సిజన్ మిషన్ తీసుకుని మన కార్యకర్త తమ్ముడే బండి మీద బయల్దేరాడు. చేతిలో కొత్త ఫోను, అందులో అవ్వ ఇంటి పిన్ను. పిన్ను చెప్పినచోట ఆగి తలుపు కొడితే వేరేవాళ్లు లేచారు. చుక్క రెండు వరుసలు వెనక్కి పడింది. అక్కడ వరుసలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి, గోడలు ఒక్క తీరు, మెట్లు ఒక్క తీరు. అవ్వ మనవడు ఇంకో గల్లీ మొదట్లో టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ దాదాపు అరగంట తిరిగారు. అవ్వ దక్కింది. దానికి కారణం మన ఏర్పాటు కాదు, ఆమె గట్టితనం.

ఆ మర్నాడు కమిటీ తేల్చిన సంగతి ఏమిటంటే, "ఫోన్ మంచిది కాదు." ఇక్కడే మేం విభేదిస్తున్నాం.

జీపీఎస్ అంటే పైనుంచి ఎవరో మన ఇంటిని చూసి చెప్తున్నారని చాలామంది అనుకుంటున్నారు. ఆ ఉపగ్రహానికి మన ఫోన్ ఒకటుందని కూడా తెలియదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాను ఎక్కడుందో, తన గడియారంలో టైం ఎంతో చాటుకుంటూ పోవడమే దాని పని. ఆ మాట మన దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, దాన్నిబట్టి దూరం తేల్చుకునేది మన చేతిలోని ఫోనే. ఫోన్‌లో ఉండేది చవక గడియారం, దాని తప్పు కూడా లెక్కలోకి రావాలి కనుక కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడాలి. సెకనులో వంద కోట్ల వంతు తేడా వస్తే దూరంలో 30 సెంటీమీటర్లు, జానెడు పైచిలుకు, తప్పు పడుతుంది. పది లక్షల వంతు తేడా వస్తే 300 మీటర్లు. ఇంత సున్నితమైన లెక్క మన జేబులో పట్టడమే గొప్ప. మేం దాన్ని కించపరచడం లేదు.

కానీ ఆ సంకేతం నేలకు చేరేసరికి ఎంత బలహీనంగా ఉంటుందో మగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్లకు ఒక మాటలో చెప్పొచ్చు. ఇరవై మగ్గాలు ఆడుతుంటే ఆ చివర నిలబడ్డ మనిషి గుసగుసలాడినట్టు ఉంటుంది. రేకుల కప్పు కింద కూర్చుంటే ఆ గుసగుస కూడా లోపలికి రాదు. గల్లీలో నిలబడితే ఎదురు మేడ గోడకు కొట్టుకుని తిరిగొచ్చిన మాట చెవిన పడుతుంది. అది చుట్టు తిరిగి వచ్చింది కనుక ఆలస్యం, ఆలస్యమైంది కనుక ఫోన్ లెక్కలో దూరం ఎక్కువ, చుక్క పక్క గల్లీలో. ఇందులో ఫోన్ చేసిన ద్రోహం ఏమీ లేదు. అన్నట్టు, వానాకాలం మబ్బుల వల్లే ఇదంతా అని గ్రూపులో ఒకరు రాశారు. మబ్బు దీనికి పెద్ద అడ్డు కాదు. రేకులు, కాంక్రీటు, గోడలు అడ్డు.

జీపీఎస్ నడిపే అమెరికా ప్రభుత్వమే ప్రకటించిన లెక్క ఒకటుంది. ఆకాశం తెరిపిగా కనబడే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ సుమారు 4.9 మీటర్ల లోపు, అంటే 16 అడుగుల లోపు, సరిగ్గా చూపిస్తుంది. ఇళ్ల మధ్య, వంతెనల దగ్గర, చెట్ల కింద ఆ తేడా పెరుగుతుంది. ఇప్పుడు మన ఇళ్ల సంగతి తీసుకోండి. కుంభారీలో గోదూతాయి పరుళేకర్ పేరున బీడీ కార్మికులకు 10,000 ఇళ్లు కట్టి 2006లో ఇచ్చారు. ఆ పక్కనే రేనగర్‌లో 2024 జనవరిలో ఇంకో 15,000 ఇళ్లు అప్పగించారు. ఇంత దగ్గరదగ్గరగా, ఇంత ఒకే పోలికతో ఉన్న ఇళ్ల మధ్య 16 అడుగుల తేడా అంటే ఏమిటో అక్కడ కాపురముండేవాళ్లకు మేం చెప్పక్కర్లేదు. చుక్క బాగా పనిచేసిన రోజున కూడా పక్కింటి తలుపు మీద పడొచ్చు. బంజారాహిల్స్ బంగళాకు, పొలంలో బోరుబావికి చాలే కచ్చితత్వం ఘర్‌కుల్‌కు చాలదు.

అసలు మన పిన్నులు ఎలా తీశారో అడుగుదాం. మేం అడిగాం. పిల్లలు మంచివాళ్లు, ఎండలో తిరిగారు, వాళ్లను ఒక్క మాట అనడానికి లేదు. ఎలా చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లోకి పిలిచి చాయ్ ఇచ్చారు, కూర్చున్నారు, కూర్చున్నచోటే ఫోన్ తీసి పిన్ను నొక్కారు. స్లాబు కింద, రేకుల కింద, కిటికీకి దూరంగా. అప్పుడు ఫోన్‌కు ఉపగ్రహాలు అందవు. చుట్టుపక్కల వైఫైలు, సెల్ టవర్లు చూసుకుని ఇక్కడెక్కడో ఉన్నావని ఒక అందాజా చెప్తుంది. ఆ అందాజానే మనం అవ్వ ఇల్లని రాసుకున్నాం.

ఫోన్ అబద్ధం కూడా ఆడలేదు. మ్యాప్‌లో నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం కనబడుతుంది చూశారా? అది అందానికి పెట్టింది కాదు. ఆ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చు, ఎక్కడో నాకు తెలియదు అని ఫోన్ ఒప్పుకోవడం అది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ వలయానికి పెట్టుకున్న కొలత 68 శాతం. మూడింట రెండుసార్లు మనం వలయం లోపల ఉంటాం, మూడోసారి దాని బయటే ఉండొచ్చు. గల్లీ అంతా కప్పేంత వలయం ఉన్నప్పుడు పిన్ను నొక్కి, వలయం ఎంతుందో ఎక్కడా రాసుకోకుండా, చుక్కను మాత్రం దాచుకున్నాం. బట్ట కొలిచి గజాలు రాయకుండా రంగు మాత్రం రాసుకున్నట్టుంది.

దీనికి తోడు అంకెల మోజు ఒకటి. కమిటీ పంపిన పట్టికలో ప్రతి ఇంటి అక్షాంశం, రేఖాంశం చుక్క తర్వాత ఆరు అంకెల దాకా ఉన్నాయి. చూడ్డానికి ఎంత శాస్త్రీయంగా ఉందో! ఐదో అంకె అంటే సుమారు 1.1 మీటరు. ఆరో అంకె అంటే 11 సెంటీమీటర్లు. ఏ వరుసో తెలియని ఇంటికి అరచేతి వెడల్పులో లెక్క రాసుకున్నాం. అంకెలు ఎక్కువుంటే నిజం ఎక్కువ ఉన్నట్టు కాదు. ఈ సంగతి మనవాళ్లకు వేరే చెప్పాలా, షావుకారు చిట్టాలు ఎన్ని చూడలేదు!

"పాత ఫోనే నయం, కొత్తది తెచ్చాకే ఈ తిప్పలు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో కొంత నిజముంది గానీ కారణం వాళ్లు అనుకున్నది కాదు. కొత్త ఫోన్ డబ్బాలోంచి తీసిన రోజున దానికి ఏ ఉపగ్రహం ఎక్కడుందో తెలియదు. ఉపగ్రహం నుంచే నేరుగా ఆ సమాచారం అందుకోవాలంటే ఒక్కోదానికి దాదాపు అర నిమిషం, మొత్తం జాబితాకు పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఇంటర్నెట్ ఉంటే అడ్డదారిలో త్వరగా తెచ్చుకుంటుంది. నెట్ సరిగ్గా అందని మూల, డబ్బా విప్పిన పూటే, పది సెకన్లలో పిన్ను కావాలంటే అది ఏం చేస్తుంది? ఇంకోటి, 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్ మొదటిసారి కచ్చితమైన లొకేషన్ అడిగేటప్పుడు రెండు బొమ్మలు చూపిస్తుంది. ఒకటి కచ్చితమైనది, ఒకటి సుమారైనది. తొందరలో సుమారైనది నొక్కితే ఆ యాప్‌కు దాదాపు మూడు చదరపు కిలోమీటర్ల మేర ఉజ్జాయింపే అందుతుంది. అందులో ఎన్ని పేఠలు పడతాయో మీరే చూసుకోండి. ఐఫోన్‌లో కూడా 2020 నుంచి ఇలాంటి మీట ఉంది. మేం చూసిన కొత్త ఫోన్లలో రెండింటిలో ఇదే జరిగింది. ఇంకోదాంట్లో బ్యాటరీ పొదుపు ఎప్పుడూ వేసే ఉంది, ఛార్జింగ్ నిలవాలని పాపం ఆ తమ్ముడే పెట్టుకున్నాడు. కొన్ని ఫోన్లలో ఆ పొదుపు లొకేషన్ గొంతు కూడా నొక్కేస్తుంది.

అయస్కాంతం ఉన్న కవర్ల మీద కూడా గ్రూపులో చాలా నడిచింది. ఆ కవరు చెడగొట్టేది దిక్సూచిని, చుక్కను కాదు. చుక్క సరైన చోటే ఉండి బాణం తప్పు దిక్కు చూపిస్తుంటే కవరు తీసి, ఫోన్‌ను గాల్లో 8 అంకెలా నాలుగుసార్లు తిప్పితే సర్దుకుంటుంది. ఐదు వందల కవరు మార్చాల్సిన చోట ఫోన్ మార్చడం మనకు తగునా?

మేం కూడా ఒక పని చేశాం. కమిటీ పనికిరాదన్న ఫోన్‌నే తీసుకుని, అవ్వ గడప ముందు, వీధిలోకి వచ్చి నిలబడ్డాం. కచ్చితమైన లొకేషన్ పెట్టాం, బ్యాటరీ పొదుపు తీసేశాం. వలయం చిన్నదయ్యేదాకా కదలకుండా ఆగాం. మూడు నిమిషాలు పట్టింది. చుక్క వచ్చి అవ్వ వరుసలోనే పడింది. అవ్వ తలుపు మీద కాదు, ఒక ఇల్లు అవతల. ఆ ఫోన్ అంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఎక్కువ చెప్పమని అడగడం మన తప్పు. ఆ ఇంటికి నెంబరుంది, గ్రూపుకు అక్షరముంది, అవి ఎవరూ రాసుకోలేదు.

ఇక రెట్టింపు ధర ఫోన్ల సంగతి. వాటిలో ఒక మేలు నిజంగానే ఉంది, దాచిపెట్టం. జీపీఎస్ ఉపగ్రహాలు ఒకటికంటే ఎక్కువ తరంగాల మీద మాట్లాడతాయి. తక్కువ ధర ఫోన్లు చాలావరకు ఎల్1 ఒక్కటే వింటాయి. కొన్ని ఫోన్లు ఎల్5 కూడా వింటాయి. 2018లో షావోమీ మి 8 ఇలా రెండూ విన్న మొదటి ఫోన్. రెండూ వినే ఫోన్ గోడకు కొట్టుకుని వచ్చిన మాటనూ నేరుగా వచ్చిన మాటనూ మెరుగ్గా విడదీస్తుంది. ఆరుబయట తేడా తెలుస్తుంది కూడా. కానీ స్లాబు కింద చాయ్ తాగుతూ నొక్కితే లక్ష రూపాయల ఫోనూ అందాజానే చెప్తుంది. పైగా ధర ఎక్కువైనంత మాత్రాన ఎల్5 ఉంటుందని లేదు. కొనాలని పట్టుబట్టేవాళ్లు తెచ్చిన కొటేషన్‌లో కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో ఉంది, ఈ ఒక్క ముక్క లేదు. కొంటున్నది లొకేషన్ కోసమా, ఫొటోల కోసమా అని సమావేశంలో అడుగుతాం, జవాబు సిద్ధం చేసుకుని రండి.

"నావిక్ ఆన్ చేసుకోండి, మన దేశపు జీపీఎస్, అన్నీ సరైపోతాయి" అనే సందేశం కూడా తిరుగుతోంది. నావిక్ మీద మాకూ అభిమానమే. కానీ దానికి మామూలు ఫోన్లలో వేసే మీటంటూ ఉండదు. లోపలి చిప్ వినగలిగితే మిగతా ఉపగ్రహాలతో పాటు దాన్నీ వింటుంది, లేకుంటే లేదు. ఆ ఉపగ్రహాల్లో కొన్నిటి అణు గడియారాలు పాడయ్యాయి. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. దేశభక్తి ఒకటి, ఆక్సిజన్ మిషన్ చేరడం ఒకటి.

ఫోన్‌లో నిజంగా లోపముంటే ఏం చేయాలి? అది కూడా చెప్తాం, కొత్త ఫోన్ కొన్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. మైదానంలోకో మేడ మీదికో వెళ్లి, కచ్చితమైన లొకేషన్ పెట్టి, పది నిమిషాలు ఆగి చూడండి. ఎన్ని ఉపగ్రహాలు వినబడుతున్నాయో చూపించే ఉచిత యాప్‌లున్నాయి. ఆరుబయట కూడా పదుల మీటర్ల తేడా వస్తోందంటే, పక్కన అలాంటిదే ఇంకో ఫోన్ బాగా చూపిస్తోందంటే, అది ఫోన్ లోపమే. రెండిటి తెరల ఫొటో తీసుకుని, బిల్లుతో సహా దుకాణానికి వెళ్లి అడగండి. వాళ్లు తిప్పి పంపిస్తే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మన ఫోన్లకు వారంటీ ఇంకా ఉండగానే, వాటిని ఒక్కసారి కూడా మైదానంలో పరీక్షించకుండా మూలన పడేసి, పిల్లల పుస్తకాల డబ్బుతో ఇంకో విడత కొనడం ఏం పద్ధతి?

తీర్మానం పెట్టినవాళ్ల వాదనల్లో మాకు గట్టిగా తోచింది ఒక్కటే. "చదువురాని అవ్వలు అడ్రసు చెప్పలేరు, రాయలేరు. పిన్ను వాళ్లకు సులువు." ఈ మాట మంచి మనసుతోనే అన్నారు. కానీ అవ్వలతో మాట్లాడి అన్నట్టు లేదు. అవ్వను అడిగాం. "రోడ్డు మీద దిగి, రెండో బోరింగు దాటి, ఎడమచేతి గల్లీల వేపచెట్టు నుంచి నాలుగో తలుపు, పచ్చది, ముంగట తులసి కోట" అంది ఒక్క ఊపిరిలో. అంత కచ్చితంగా చెప్పే ఫోన్ ఇంకా రాలేదు. చదువు లేదని అడ్రసు లేదనుకోవడం మన చదువుకున్నవాళ్లకు అంటిన రోగం. పైగా ఆ పిన్ను కూడా అవ్వ పెట్టలేదు. కుర్రవాడు పెట్టాడు, తప్పు పెట్టాడు, అది తప్పని తెలుసుకునే దారి అవ్వకు లేదు. కాగితం మీద రాస్తే మనవడు చదివి వినిపిస్తాడు, "వేపచెట్టు కాదురా, చింతచెట్టు" అని ఆమె దిద్దుతుంది. మ్యాపు మీద చుక్కను ఆమె ఎలా దిద్దుతుంది?

తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ తెచ్చింది కదా, ఇక రాసే చిరునామా ఎందుకు అని కూడా అంటున్నారు. దేశాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విడదీసి ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇవ్వడం మంచి ఆలోచనే. అది చిరునామాకు తోడుగా వచ్చింది. గడి 4 మీటర్లు, మన ఫోన్ తప్పు ఆరుబయటే ఐదు మీటర్లు. ఇంట్లో కూర్చుని తీస్తే ఎవరి గడి మన పేరున నమోదవుతుందో ఆలోచించండి. 1972లో పిన్‌కోడ్ తెచ్చిన వేలణ్కర్ గారు మరాఠీ మనిషే, సంస్కృత పండితుడు. ఆరు అంకెలు పెట్టి మిగతా చిరునామా తీసేయమని ఆయనా అనలేదు.

ఇంకో బాధ కూడా ఉంది, కొందరికి ఇది వేరే సంగతిలా తోచొచ్చు. మాకు తోచదు. మన తాతలు వచ్చి మగ్గాలు వేసుకున్న గల్లీలకు మనం పెట్టుకున్న పేర్లు ఏ మ్యాపులోనూ లేవు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ, ఆ గల్లీ పేర్లు పెద్దవాళ్ల నోట మాత్రమే ఉన్నాయి. సోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేసిన మనిషి గల్లీకి రాలేదు. ఇన్నాళ్లూ ఆ పేర్లు కాగితం మీద కనబడిన ఒకే ఒక్క చోటు మన సంఘం చిరునామాల పుస్తకం. దాన్ని ఆపేసి చుక్కల పట్టిక పెట్టుకుంటే, ఇంకో ఇరవై ఏళ్లకు మన పిల్లలకు అంకెలే మిగులుతాయి, అవి కూడా తప్పు అంకెలు.

కనుక మేం అడిగేది ఇది. పుస్తకం ఆపొద్దు. అందులో ప్రతి ఇంటికీ గ్రూపు అక్షరం, ఇంటి నెంబరు, గల్లీని మనవాళ్లు పిలిచే పేరు, దగ్గరి గుర్తు, ఇంటివాళ్ల నోటితో చెప్పించి, తెలుగులోనూ మరాఠీలోనూ రాయాలి. బండి నడిపే తమ్ముడికి ఏది వస్తే అది చదువుకుంటాడు. పక్కింటివాళ్ల ఫోన్ నెంబరు ఒకటి, వాళ్లు ఒప్పుకుంటేనే, చేర్చాలి. పిన్ను కూడా పెట్టండి, వద్దనడం లేదు. కానీ గడప బయట నిలబడి, వలయం చిన్నదయ్యాక తీసి, ఆ వలయం ఎన్ని మీటర్లో పక్కన రాయాలి. పది మీటర్లు దాటితే ఆ పిన్ను పెట్టొద్దు, ఇంకోరోజు మళ్లీ తీయాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పిన్నులు గ్రూపులో అందరికీ పంచొద్దు, కార్యకర్తల దగ్గరే ఉండాలి. ఉన్న ఫోన్లు చాలు. విద్యార్థుల నిధిని ముట్టుకోవద్దు. జూన్‌లో బడులు తెరిచేసరికి ఆ డబ్బు కోసం ఎన్ని దరఖాస్తులు వస్తాయో కోశాధికారి గారికి మాకంటే బాగా తెలుసు.

మనుషులు చాలరంటారేమో. ఘర్‌కుల్‌లో మొదటి గ్రూపు ఇళ్లు మేం రాస్తాం. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండ ముదరకముందే, రోడ్డు మీది చాయ్ దుకాణం దగ్గర కలుస్తున్నాం. మూలన పడేసిన ఆ ఫోన్లు రెండు మాకివ్వండి, ఛార్జింగ్ పెట్టి తెండి. రాసుకోవడానికి నోటుబుక్కులు మేమే తెస్తాం.